పుస్తకాన్నే అడగాలి

హోటల్లో దిగినవాళ్ళు గదుల్లో మరిచిపోయి వెళ్ళే వస్తువుల గురించి చెప్పుకోవాలంటే తెల్లవార్లూ చెప్పుకోవచ్చు. ఒంటి మేజోడు, ఒంటి చెవిపోగు, ఒకసారైతే ఏకంగా పళ్ళ సెట్టు. ఆ పెద్దమనిషి మర్నాడు పొద్దున టిఫిను ఎలా చేశాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఎంత చిన్న వస్తువైనా వెనక్కి అడుగుతారు గానీ పుస్తకాన్ని మాత్రం ఎవరూ అడగరు. అలా అట్ట ఊడి, మొదటి పేజీలు పోయి, పేరేమిటో కూడా తెలియకుండా పోయిన ఒక ఇంగ్లీషు నవల మాసిన దుప్పట్లలో చుట్టుకుని, పై అంతస్తుల నుంచి బట్టలు జారే గొట్టంలో పడి, నేలకింద ఉన్న లాండ్రీలోకి వచ్చిపడింది. దుప్పట్లతో పాటు వచ్చింది కాబట్టి అది మనదేనని పెద్దకోడలు తీర్పు చెప్పింది.

పెద్దకోడలు అంటే లాండ్రీకి కాదు, ఒక ఇంటికి. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరి భార్యలకూ అక్కడే పని. పెద్దామె ఇస్త్రీ ప్రెస్సు దగ్గర నిలబడుతుంది, చిన్నామె మడతల బల్ల దగ్గర. చిన్నామెకు ఆ పని ఇప్పించింది పెద్దామే. తోడికోడళ్ళన్నాక జుట్లు పట్టుకోవాలని లోకానికి ఒక ఆశ ఉంటుంది. వీళ్ళు ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో వచ్చి, ఒకే డబ్బాలో తిని, ఒకే బస్సులో ఇంటికి పోయి ఆ ఆశ మీద నీళ్ళు చల్లారు. అత్తగారికి ఆ విషయంలో కొంచెం చిన్నతనంగా కూడా ఉండేది.

నవలను మధ్యాహ్నం తిండి అయ్యాక రోజుకో పేజీ చొప్పున చదివేవారు. చదివేది నలుగురు. తోడికోడళ్ళిద్దరూ, వాషింగ్ మిషన్లు నడిపే మిషనమ్మ, చిరుగులు కుట్టే సూదమ్మ. నలుగురికీ ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, చిన్నచిన్న మాటలు వచ్చు, ఆ పైన రాదు. అందుకని పెద్దకోడలు ఒక పద్ధతి పెట్టింది. తెలియని మాట తగిలితే బయటి మనిషిని అడగకూడదు. ఫోను తీయకూడదు. డిక్షనరీ పేరెత్తకూడదు. పుస్తకాన్నే అడగాలి. అంటే ఆ మాటకు పైన ఉన్న వాక్యాలు, కింద ఉన్న వాక్యాలు మళ్ళీ చదవాలి. అక్కడ ఎవరున్నారు, ఏ మొహం పెట్టుకుని ఉన్నారు, అంతకుముందు ఏం గొడవైంది, అన్నీ చూసుకోవాలి. తర్వాత తలా ఒక అర్థం చెప్పాలి. దేనికి ఎక్కువ చేతులు లేస్తే ఆ అర్థాన్ని మాటలోకి అద్దెకు దింపాలి. తర్వాతి పేజీలతో దానికి పడకపోతే నిర్దాక్షిణ్యంగా ఖాళీ చేయించాలి.

ఈ పద్ధతిలో పెద్దకోడలిని మించినవాళ్ళు లేరు. ఒకసారి కథలో ఇంటావిడ కూతురు 'సల్లెన్'గా పళ్ళెం బల్ల మీద పెట్టింది. సూదమ్మ, ఆ పిల్ల దురుసుగా పెట్టిందంది. మిషనమ్మ, మెల్లగా పెట్టిందంది. పెద్దకోడలు వెనక పేజీకి తిప్పింది. పొద్దున తల్లీకూతుళ్ళకు మాటామాటా వచ్చింది. పళ్ళెం పెట్టాక దీపం వెలిగించేదాకా ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. దురుసుగా పెడితే తల్లి ఊరుకునేది కాదు, ఏదో ఒకటి అనేది. కాబట్టి ఆ పిల్ల మూతి ముడుచుకుని పెట్టింది. పెద్దకోడలు అలా విప్పిచెప్పేసరికి మిగిలిన ముగ్గురి చేతులూ లేచాయి. అలాంటప్పుడు ఆమె మొహం చూడాలి. పొద్దున్నించీ ప్రెస్సు పెడలు తొక్కితొక్కి వాచిపోయిన కాళ్ళ సంగతి ఆ కాసేపు ఆమెకు గుర్తుండేది కాదు.

చిన్నకోడలి సంగతి వేరు. ఆమెకు తొందరెక్కువ. కథ మొదట్లోనే 'లాడ్జర్' అనే మాట తగిలింది. రేవు పక్కన ఇల్లు, ఇంటావిడకు భర్త లేడు. ఆవిడ లాడ్జర్‌కు రోజూ తిండి పెడుతుంది. లాడ్జర్ పొయ్యి పక్కన చేరి కునుకు తీస్తాడు. ఇంటావిడ విసుక్కుంటే తల వంచుకుంటాడు. ఇంకేముంది, అది పెద్ద జాతి కుక్క అని చిన్నకోడలు తేల్చేసింది. ఆ రోజు తిన్న మత్తులో ఉన్నారో ఏమో, అందరూ చేతులెత్తారు. తర్వాత కొన్నాళ్ళపాటు నలుగురూ ఆ కుక్క మీద బాగా ప్రేమ పెంచుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆ కుక్క లేచి, టోపీ పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి, బజారుకు వెళ్ళింది.

లాడ్జర్ అంటే ఆ ఇంట్లో అద్దెకున్న మనిషని తేలేసరికి సూదమ్మ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. మిషనమ్మ కళ్ళు తుడుచుకుంది. పెద్దకోడలు కూడా నవ్వింది గానీ, పక్కనే ఉన్న చిన్నకోడలి వీపు మీద చెయ్యి వేసి నవ్వింది. ఆనాటి నుంచి చిన్నకోడలి పేరు టోపీ అయింది. బట్టల బండి తోసుకుంటూ పోయేవాళ్ళు సైతం టోపీ ఎక్కడ, టోపీని పిలవండి అనేవారు. ఎందుకు ఆ పేరొచ్చిందో కొత్తగా వచ్చినవాళ్ళు అడగడం, సూదమ్మ కథంతా మొదటి నుంచి చెప్పడం, కుక్క ఎలా టోపీ పెట్టుకుందో అభినయించడం. చిన్నకోడలు పైకి నవ్వేది. లోపల మాత్రం ఒళ్ళంతా మండేది. మనిషికి ఆకలి దప్పులు ఓర్చుకునే శక్తి ఉంటుంది గానీ, నలుగురి నవ్వు ఓర్చుకునే శక్తి అందరికీ ఉండదు. ఆమెకు అసలే లేదు.

అందుకని ఆమె ఒక పని చేసింది. తిండి గంట ముగిసి అందరూ లేచాక, పుస్తకాన్ని అల్మారాలో పెట్టే వంకతో మర్నాటి పేజీని ఫోనులో ఫొటో తీసుకుంది. ఇంటికెళ్ళాక బాత్‌రూములో దూరి, గడియ వేసి, కుళాయి తిప్పి, ఆ పేజీలో తెలియని మాటలన్నిటికీ ఫోనులోనే అర్థాలు వెతికింది. చూసినవి చూసినట్టు బట్టీ కొట్టింది. కుళాయి ఎందుకంటే, చప్పుడు లేకపోతే లోపల ఏం చేస్తోందని అత్తగారు అడుగుతుందని. చప్పుడు చేస్తే నీళ్ళన్నీ పోతున్నాయని అత్తగారు ఎలాగూ అడిగింది.

మర్నాడు 'లింగర్' అనే మాట వచ్చింది. సూదమ్మ ఇంకా నోరు తెరవకముందే, వెళ్ళాలని ఉన్నా వెళ్ళలేక అక్కడక్కడే తచ్చాడటం అని చిన్నకోడలు చెప్పింది. కింది వాక్యం చదివితే ఆ అర్థం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆ మర్నాడు 'రిలక్టెంట్' వచ్చింది. మనసు లేకుండా, అంది. దానికీ తిరుగు లేకపోయింది. వారం తిరక్కముందే టోపీ అన్న పిలుపులో వెటకారం పోయి, గౌరవం వచ్చి కూర్చుంది. టోపీ పెట్టడానికి మన భాషలో ఇంకో అర్థం కూడా ఉందని ఆ లాండ్రీలో ఎవరికీ తట్టకపోవడం ఆమె అదృష్టం. ఆమెకు మాత్రం ఎవరు పిలిచినా అదే అర్థం వినపడేది.

ఒక్కసారి మంచిపేరు వస్తే చాలు, మానేద్దాం అనుకుంది. మంచిపేరుతో ఉన్న చిక్కేమిటంటే, దానికి రోజూ మేత వేయాలి. ఒక్కరోజు ఆగితే మళ్ళీ కుక్క కథ మొదలవుతుందని ఆమె భయం. రోజూ సాయంత్రం బాత్‌రూము, గడియ, కుళాయి. ఇంట్లోవాళ్ళకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది, కాకపోతే ఇంకో రకంగా వచ్చింది. పాపం ఈ పిల్లకు కడుపులో బాగుండటం లేదని పెద్దకోడలు అనుకుంది.

అక్కడి నుంచి మొదలైంది అసలు బాధ. పెద్దకోడలు ఆమెకోసం వేరే గిన్నెలో కారం లేకుండా, పలచగా వండటం మొదలుపెట్టింది. తినేదాకా పక్కన నిలబడేది. లాండ్రీలో బరువు మోయొద్దని తడి దుప్పట్ల బండి లాక్కుని తనే తోసేది. అప్పటికే ఆమె కాళ్ళు సాయంత్రానికి చెప్పుల్లో పట్టేవి కావు. చిన్నకోడలు వద్దంటే ఊరుకోమని కసిరేది. ఆ చప్పిడి తిండిని చిన్నకోడలు గిన్నె అడుగుదాకా తినేది. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. అక్క మొహం చూడగానే మింగేసేది.

అంతలో ఇంకో మార్పు వచ్చింది, దాన్ని మొదట ఆమె గమనించలేదు. పెద్దకోడలి పద్ధతికి టైము పట్టేది. వెనక పేజీకి వెళ్ళాలి, ముందుకు రావాలి, ఆలోచించాలి. ఒకరోజు ఆమె ఉండండి, పై వాక్యం ఇంకోసారి చదువుదాం అంటుంటే, టోపీ ఉండగా చదవడం దేనికి దండగ అని సూదమ్మ అంది. అందరూ చిన్నకోడలి వైపు తిరిగారు. చిన్నకోడలు చెప్పేసింది. పెద్దకోడలు పేజీ మధ్యలో పెట్టుకున్న వేలు తీసేసింది.

తర్వాత్తర్వాత ఆమె వెనక్కి తిప్పడం మానేసింది. మాట రాగానే, నువ్వు చెప్పు చెల్లీ అనడం మొదలుపెట్టింది. అర్థం చెప్పాక అందరికంటే ముందు ఆమె చెయ్యే లేచేది. ఒకరోజు బస్సులో కిటికీలోంచి చూస్తూ, చెల్లెలితో నెమ్మదిగా అంది.

"నా బుర్ర మొద్దుబారిపోయినట్టుందే. నువ్వేమో చూడగానే చెప్పేస్తావు. నేను నాలుగు వాక్యాలు తిరిగొస్తే గానీ తేల్చుకోలేను. ఇన్నాళ్ళూ అదేదో గొప్ప అనుకున్నా."

చిన్నకోడలు అలా ఏం కాదక్కా అని మాత్రం అంది. ఆ సాయంత్రం బాత్‌రూములో ఫోను చేతిలో పట్టుకుని, వెతక్కుండా చాలాసేపు ఊరికే కూర్చుంది. చివరికి వెతికింది. ఆ పనికి తనను తనే క్షమించుకోలేకపోయింది.

ఇలా ఉండగా పైన ఒక కుర్చీ ఖాళీ అయింది. హోటల్లో దిగినవాళ్ళు సొంత బట్టలు ఉతకడానికి ఇస్తూ, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఒక కార్డు మీద ఇంగ్లీషులో రాసి పెడతారు. ఆ కార్డులు చదివి, ఏ బట్ట ఎటు వెళ్ళాలో వేరుచేసే కౌంటరులో కూర్చుని చేసే పని అది. ఆవిరి ఉండదు, పెడలు ఉండదు. కిటికీ ఉంటుంది. అన్నిటికీ మించి కుర్చీ ఉంటుంది. నిలబడే పని మానకపోతే కాళ్ళ నరాలు పూర్తిగా పాడవుతాయని, తర్వాత తను చేయగలిగింది ఏమీ ఉండదని డాక్టరు పెద్దకోడలికి అప్పటికే చెప్పి ఉన్నాడు. పని మానేస్తే ఇల్లు గడవదు. ఆ కుర్చీ ఖాళీ అయిందని విన్న రోజు ఆమె బస్సు దిగాక ఇంటిదాకా కూనిరాగం తీస్తూ నడిచింది. చిన్నకోడలు పక్కనే నడుస్తూ ఆ రాగం వింది.

మేనేజరమ్మ ఒక మధ్యాహ్నం కిందికి దిగివచ్చింది. మంచి మనిషే, కాకపోతే ఎప్పుడూ ఎక్కడికో పోవలసిన దానిలా నిలబడుతుంది. కింద మీరు ఇంగ్లీషు నవల చదువుతున్నారని విన్నాను, మీలో బాగా చదివేదెవరని అడిగింది. సూదమ్మ, మిషనమ్మ ఒక్క గొంతుతో టోపీ అన్నారు. మేనేజరమ్మ పెద్దకోడలి వైపు చూసింది. కింద అందరిలోకీ పాత మనిషి ఆమే.

"మా చెల్లెలే మేడమ్," అంది పెద్దకోడలు. "నాకు ఏదో అక్షరాలు వచ్చంతే. తను మాట చూడగానే చెప్పేస్తుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో కుళ్ళు లేదు. ఉంటే చిన్నకోడలికి ఎంతో హాయిగా ఉండేది. లేదు, అక్కే నాకన్నా బాగా చదువుతుంది, ఈ పద్ధతి అంతా ఆమే నేర్పింది అని చిన్నకోడలు తడబడుతూ చెప్పింది. ఎంత అణకువో అని మిషనమ్మ మెచ్చుకుంది. మేనేజరమ్మ గడియారం చూసుకుని, అయితే ఇద్దరూ రేపు పైకి రండి, ఒక కార్డు ఇస్తాను, చదివి చెప్పండి అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బాత్‌రూములో వెతకడానికి ఏమీ లేదు. కార్డులో ఏముంటుందో ఫోనుకు కూడా తెలియదు. చిన్నకోడలు ఆలోచించింది. నిజం చెప్పేస్తే ఒక్క మాటతో అయిపోతుంది. కానీ చెబితే లాండ్రీ అంతా నవ్వుతుంది, అక్క ఆ చప్పిడి వంటలన్నీ గుర్తుచేసుకుంటుంది. చెప్పకుండానే సరిచేసే దారి ఒకటి ఆమెకు తట్టింది. రేపు తను కావాలని తప్పు చెబుతుంది. అక్క ఎలాగూ సరిగ్గా చెబుతుంది. కుర్చీ అక్కకు వస్తుంది, తన మొహం తనకు మిగులుతుంది. అంత తెలివైన ఉపాయం తట్టినందుకు ఆ పూట ఆమెకు చాలా రోజుల తర్వాత కాస్త ఆకలి వేసింది.

మర్నాడు మేనేజరమ్మ గదిలో బల్లకు ఇవతల ఇద్దరూ నిలబడ్డారు. పెద్దకోడలు ఉతికిన ఏప్రాన్ కట్టుకొచ్చింది. మేనేజరమ్మ ఒక కార్డు వాళ్ళ ముందు పెట్టింది. ఎవరో పెద్దావిడ తన శాలువాతో పాటు రాసిచ్చిన కార్డు అది. శాలువా కనపడలేదు, కార్డు మాత్రమే. ఈ శాలువా మా అమ్మది, దయచేసి పదిలంగా చూడండి, దీని అంచు 'ఫ్రేయ్డ్' అయి ఉంది, మిషనులో వేస్తే అది ఇంకా ఎక్కువవుతుంది, పాడుచేసే కంటే ఉతక్కుండా ఇచ్చేసినా నాకు సంతోషమే. ఇంత వరకూ ఇద్దరికీ అర్థమైంది. ఆ ఒక్క మాట తప్ప. ఫ్రేయ్డ్ అంటే ఏమిటో చెప్పండి, దాన్ని బట్టి ఏం చేస్తారో చెప్పండి అని మేనేజరమ్మ అడిగింది.

చిన్నకోడలు మళ్ళీ కార్డును చూడలేదు, అక్కను చూసింది. పెద్దకోడలి పెదాలు కదులుతున్నాయి. పై వాక్యానికి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె పుస్తకాన్ని అడిగినట్టు కార్డును అడుగుతోంది. అంతలో ఆమె చేతివేళ్ళు ఏప్రాన్ చివరికి పోయాయి. అక్కడ కుట్టు వదిలి రెండు పోగులు బయటికి వేలాడుతున్నాయి. వాటిని బొటనవేలితో ఇలా నలిపి, ఒక పోగును కొంచెం లాగి, లాగిన కొద్దీ వస్తుందని చూసి, ఆపేసింది. తేలిపోయింది. అంచు పోగులు ఊడి విడిపోతున్నాయి, మిషనులో వేస్తే ఇంకా ఊడతాయి. అక్కకు తెలిసిపోయిందని చిన్నకోడలు లోపల్లోపలే సంతోషపడింది.

ముందు నువ్వు చెప్పమ్మా అని మేనేజరమ్మ చిన్నకోడలినే అడిగింది.

"అంచు రంగు వెలిసింది మేడమ్. మరకలా కనపడకుండా మళ్ళీ రంగు వేయించాలి," అంది చిన్నకోడలు. వీలైనంత ధైర్యంగా, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

పెద్దకోడలి వేళ్ళు ఏప్రాన్ మీద ఆగిపోయాయి. మేనేజరమ్మ ఆమె వైపు తిరిగింది. మీరేమంటారని అడిగింది. పెద్దకోడలు ఒకసారి కార్డు వైపు చూసింది, ఒకసారి చెల్లెలి వైపు చూసింది. చిన్నకోడలు కళ్ళతోనే బతిమాలింది, నీదే చెప్పు, నీదే చెప్పు అని. కళ్ళతో బతిమాలితే అది నన్ను నమ్ము అంటున్నట్టు కూడా ఉంటుంది కాబోలు. పెద్దకోడలు ఏప్రాన్ వదిలేసి చేతులు కట్టుకుంది.

"చెల్లి చెప్పిందే కరెక్టు మేడమ్. రంగు వెలవడమే."

మేనేజరమ్మ కోపగించుకోలేదు. కార్డు తీసి సొరుగులో పెట్టుకుంది. రిసెప్షనులో ఒక అమ్మాయి ఉంది, ఆ అమ్మాయిని పెట్టుకుంటాను, శ్రమ తీసుకుని వచ్చారు, వెళ్ళి పని చూసుకోండి అంది. లిఫ్టులో కిందికి వస్తున్నప్పుడు పెద్దకోడలే చెల్లెలిని ఓదార్చింది. నీకు కూడా రాని మాట ఇచ్చిందంటే మనకు ఆ కుర్చీ ఇవ్వడం ఇష్టం లేకనే అలా చేసి ఉంటుంది, పోనీలే అంది. ప్రెస్సు దగ్గరికి వెళ్ళి, పెడలు మీద కాలు పెట్టింది.

చిన్నకోడలు మడతల బల్ల దగ్గర నిలబడలేకపోయింది. ఒక దుప్పటిని నాలుగుసార్లు మడిచి, నాలుగుసార్లు విప్పి, అక్కడే పడేసి మెట్లెక్కి పైకి పోయింది. మేనేజరమ్మ ముందు నిలబడి, తను కావాలనే తప్పు చెప్పానని, అక్కకు సరైన అర్థం తెలుసునని, పోగులు ఊడటమని అక్క అనుకోవడం తను కళ్ళారా చూశానని చెప్పింది. ఫోను సంగతి కూడా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది.

మేనేజరమ్మ అంతా విని, కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ఆమె అన్న దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మీ అక్క ఏమనుకుందో నాకు తెలియదమ్మా, ఏం చెప్పిందో విన్నాను. తనకు తెలిసి కూడా పక్కవాళ్ళు చెప్పారని మాట మార్చుకునే మనిషిని ఆ కౌంటరులో ఎలా కూర్చోబెట్టను? అక్కడ పక్కన ఎవరూ ఉండరు కదా."

ఆమె అలా మాట మార్చుకునే మనిషి కాదు మేడమ్, నేనే అలా చేశాను అని చెప్పాలని చిన్నకోడలు నోరు తెరిచింది. ఎలా చేసిందో చెప్పాలంటే ఇన్ని మధ్యాహ్నాలూ ఒక్కొక్కటీ విప్పాలి. మేనేజరమ్మ అప్పటికే ఫోను ఎత్తింది. చిన్నకోడలు కిందికి వచ్చేసింది. అంతకుముందు పట్టుబడతానేమో అని భయపడేది. ఇప్పుడు తనే వెళ్ళి తనను పట్టిచ్చినా దాని వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

సాయంత్రం ఇంట్లో అందరి తిళ్ళూ అయ్యాయి. అత్తగారు టీవీ ముందు చేరింది. పెద్దకోడలు వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని, బకెట్టులో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుంది. పీటకు ఎదురుగా చిన్నకోడలు నేల మీద కూర్చుంది. కడుపులో బాగుందా అని పెద్దకోడలు అడిగింది. ఆ ప్రశ్నకు తట్టుకోలేక చిన్నకోడలు అన్నీ చెప్పేసింది. పేజీ ఫొటోలు, కుళాయి, బట్టీ కొట్టిన అర్థాలు, లేని కడుపునొప్పి, ఇవాళ చెప్పిన తప్పు, ఎందుకు చెప్పిందీ, మేనేజరమ్మ ఏమందీ. ఒక్కటీ దాచలేదు. దాచకపోవడం వల్ల తేలికపడతానని అనుకుంది గానీ, చెప్పిన కొద్దీ బరువు పెరిగింది.

పెద్దకోడలు బకెట్టులోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"నేను వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ ఆలోచిస్తుంటే, నీకు ముందే తెలుసన్నమాట. తెలిసి, నా మొహం చూస్తూ కూర్చున్నావు."

"తప్పయిపోయిందక్కా."

"బుర్ర పాడైపోయిందనుకున్నానే. కాళ్ళు ఎలాగూ పోతున్నాయి, ఇది కూడా పోయిందనుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను కూడా."

ఎప్పుడు ఏడ్చిందో చిన్నకోడలికి తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బస్సులో తిరుగుతూ, ఆ సంగతి తెలియలేదు. ఆమె తలవంచుకుని పీట కోడును పట్టుకుంది. గదిలోంచి అత్తగారు, వంటింట్లో ఇంకా ఏం మంతనాలని కేకేసింది.

"ఆ శాలువా అంచు పోగులు ఊడటమేనా అయితే?" అంది పెద్దకోడలు.

"అదే అక్కా. నువ్వు అనుకున్నదే."

"నేను అనుకున్నది నీకెలా తెలుసు? నేను నోరు తెరవలేదుగా."

"నీ వేళ్ళు చూశాను. ఏప్రాన్ పోగు లాగి చూసుకున్నావు. అప్పుడే అర్థమైంది, నీకు తెలిసిపోయిందని. ఆ మాటకు అర్థం నాకు తెలిసింది కూడా అప్పుడే."

పెద్దకోడలు తలెత్తి ఆమెను చూసింది. అంతసేపట్లో మొదటిసారి సూటిగా చూసింది.

"పెదవి విప్పని మనిషి వేళ్ళు చూసి రాని మాటకు అర్థం తెలుసుకున్నావు. అంత వచ్చినదానివి, నీకు ఫోనెందుకే?"

అందులో కోపం లేదు. నిజంగానే అడిగింది. సమాధానం కోసం ఎదురుచూసింది కూడా. చిన్నకోడలు కుక్క కథకు నలుగురూ నవ్వారని చెప్పబోయింది గానీ, ఆ నవ్వులో వీపు మీద పడిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయింది.

నీళ్ళు చల్లారిపోయాయి. పెద్దకోడలు కాళ్ళు బయటికి తీసి నేల మీద పెట్టింది. చీలమండల దగ్గర ఎముక కనపడనంతగా వాచి ఉన్నాయి. చిన్నకోడలు గబగబా లేచి తువ్వాలు తెచ్చి, తుడవడానికి మోకాళ్ళ మీద వంగింది. పెద్దకోడలు ఆమె చేతిలోంచి తువ్వాలు తీసుకుని, తన కాళ్ళు తనే తుడుచుకుంది.